ఊళ్లో మిగిలినవాడు

పెళ్లయిన మగవాళ్లు గల్ఫ్‌లో... పెళ్లికాని ఆయన కోరుట్లలో! జిరాక్స్ సెంటర్ కౌంటర్ వెనక కూర్చుని పాతికేళ్లకు పైగా వాడకట్టు మారిపోవడాన్ని చూస్తూ వచ్చిన ఓ మనిషి బతుకు ఇది.

కోరుట్లలో ఏదో ఒక గల్లీలోకి వెళ్లి తలుపు తట్టండి. ముసలమ్మ వస్తుంది. లేదంటే ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న కోడలు తలెత్తి చూస్తుంది. ‘ఇంటాయన లేడా?’ అంటే ‘దుబాయ్‌ల ఉన్నడు’ అంటారు. దుబాయ్ అంటే దుబాయే కానక్కర్లేదు. మస్కట్, రియాద్, బహ్రెయిన్... ఏదైనా ఇక్కడ దుబాయే. బతుకుదెరువుకి బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఈ ప్రాంతంలో మూడు దార్లు చెబుతారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... మూడు పట్టణాలకీ ఆ మూడు దార్లూ తెలుసు.

అలా వెళ్లినవాళ్లు ఏ రెండేళ్లకో ఓసారి వస్తారు. నెలో రెండు నెలలో ఉండి వెళ్తారు. మిగతా కాలమంతా ఒకే గదిలో పదిమందితో కలిసి, భార్యాపిల్లలకు దూరంగా. అయినా ఊరి లెక్కలో వాళ్లు సంసారులు. అదే గల్లీలో ఊరు విడిచిపోని ఒకాయన ఉన్నాడు. ఎవరికి జ్వరమొచ్చినా ఆటో మాట్లాడేది, ఎవరి పిల్లకి హాల్‌టికెట్ కావాలన్నా తీసిచ్చేది ఆయనే. ఊరి లెక్కలో మాత్రం ఆయన ఇంకా ‘సెటిల్’ కాలేదు. నలభై అయిదు దాటినా పెళ్లి చేసుకోలేదు మరి! చేసుకోకపోవడానికి కారణం ఒకటే. ఆయన మనసు మగవాళ్ల మీదికే పోతుంది, ఆడవాళ్ల మీదికి పోదు. ఈ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురో నలుగురో. అందుకే ఇక్కడ ఆయన పేరు లేదు.

సాంచాల చప్పుడులో...

పుట్టింది సిరిసిల్లలో, నేతకారుల ఇంట్లో. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఒక్క షెడ్డులో పది పన్నెండు సాంచాలు ఆడుతుంటే పక్కమనిషి మాట వినపడదు. ఏం చెప్పాలన్నా చెవి దగ్గర నోరు పెట్టాల్సిందే. పదిహేడేళ్ల వయసులో సెలవులకి పనికి వెళ్లినప్పుడు, పక్క సాంచాల మీద పనిచేసే కుర్రాడు అలా చెవిలో చెప్పిన మాటలు ‘పోగు తెగింది సూడు’, ‘చాయ్ తాగొద్దమా’... అంతే. ఆ మాత్రానికే ఒళ్లు ఎందుకు ఝల్లుమంటోందో అర్థం కాలేదు. ఎవరినైనా అడుగుదామంటే అడగడానికి మాటే తెలియదు. ‘ఆడంగోడు’ అనే తిట్టు తెలుసు. కానీ తన నడకా మాటా అందరు మగపిల్లల్లాంటివే.

పక్కనే వేములవాడ. శ్రీరామనవమి నాడు రాజన్న గుడి దగ్గర హిజ్రాలూ జోగినులూ శివుణ్ని పెళ్లాడినట్టు భావించి అక్షతలు చల్లుకోవడం చిన్నప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని చూశాడు. జనం వాళ్లకి దండం పెట్టడమూ చూశాడు. చీర కట్టి దేవుణ్ని పెళ్లాడినవాళ్లకి ఏడాదికో రోజైనా ఊళ్లో ఓ చోటుంది. ప్యాంటూ చొక్కా వేసుకుని, అందర్లాగే ఉంటూ, మరో మగవాడితో బతకాలనుకునేవాడికి చోటెక్కడ? ఆ వయసులో ఇంత స్పష్టంగా అనుకోలేదు గానీ, ప్రశ్న అప్పుడే పడింది.

సాంచాల కుర్రాడికి పెళ్లయింది. భార్యతో భివండీ వెళ్లిపోయాడు. పెళ్లిలో పెళ్లికొడుకు పక్కన నిలబడి ఫొటో దిగింది ఈయనే. ‘అన్నదమ్ములకు కూడా గింత ప్రేమ ఉండది’ అన్నారు చూసినవాళ్లు. ఆ తర్వాత సిరిసిల్ల చాలా చూసింది. 2000ల్లో నేతన్నల ఆత్మహత్యలతో వార్తల్లోకెక్కింది. 2017 నుంచి 2023 దాకా బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చి ఏటా కొన్ని నెలలు చేతినిండా పని చూసింది. బంధువుల ఇళ్లలో శుభకార్యాలకి వెళ్లినప్పుడు ఆ చప్పుడు వినపడితే ఆయన ఇప్పటికీ ఓ నిమిషం ఆగుతాడు.

దోస్తానా నీడన

డిగ్రీకి జగిత్యాల వచ్చాడు. అద్దె గది. ముగ్గురు దోస్తులు. సాయంత్రమైతే టవర్ సర్కిల్ దగ్గర చాయ్. ఇద్దరు మగపిల్లలు భుజాల మీద చేతులేసుకుని టవర్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా, ఒకే సైకిల్ మీద సెకండ్ షోకి వెళ్లొచ్చినా, ఒకే దుప్పట్లో పడుకున్నా ఎవరూ పట్టించుకోరు. అదే ఓ అమ్మాయితో రెండు నిమిషాలు మాట్లాడితే కబురు వాళ్లకంటే ముందు ఇల్లు చేరుతుంది! మన ఊళ్లలో మగవాళ్ల స్నేహానికి ఉన్నంత స్వేచ్ఛ మరే బంధానికీ లేదు. ఆ నీడన ఆయన చాలా ఏళ్లు తలదాచుకున్నాడు.

అసలు మాట తెలిసింది మాత్రం ఓ వారపత్రికలో, డాక్టరు జవాబులిచ్చే పేజీలో. తనలాంటి వాడెవడో ఉత్తరం రాశాడు. ‘ఇదో మానసిక బలహీనత. పెళ్లి చేసుకుంటే సర్దుకుంటుంది’ అని జవాబు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితాలోంచి తీసేసింది 1990లోనే. ఆ కబురు జగిత్యాల గదిదాకా రావడానికి మరో పదేళ్లు పట్టింది. ఈలోగా ఎందరు ఆ సలహా నమ్మి తాళి కట్టారో, ఆ తాళి కట్టించుకున్న ఆడపిల్లలు ఎంత ఏడ్చారో! పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా ఆయనకి ముందు గుర్తొచ్చేది తన గొడవ కాదు, ఆ ముక్కూమొహం తెలియని ఆడపిల్ల.

అందరి రహస్యాలూ ఆ షాపులోనే

అక్కని ఇచ్చింది కోరుట్లలో. బావ సౌదీలో. తండ్రి పోయాక తల్లిని తీసుకుని అక్క ఇంటి పక్కకే వచ్చేశాడు. 1999లో ఎస్టీడీ బూత్ పెట్టాడు. పసుపు బోర్డు, గాజు తలుపు, లోపల ఎర్ర అంకెల మీటరు. శుక్రవారం గల్ఫ్‌లో సెలవు. ఆ రోజు ఫోన్లు వస్తాయని ఆడవాళ్లు తయారై వచ్చి బెంచీ మీద వరుసగా కూర్చునేవాళ్లు. తలుపు వేసుకున్నా సగం మాటలు బయటికి వినపడేవి. ఏ ఏజెంటు మోసం చేశాడు, ఎవరు కఫీల్ దగ్గర్నుంచి పారిపోయి ‘ఖల్లివెల్లి’ అయ్యారు, ఏ ఇంట్లో అత్తాకోడళ్లకి పడట్లేదు... అన్నీ ఆయనకి తెలుసు. ఒక్కటీ గడప దాటలేదు. రహస్యం దాచడం ఆయనకి చిన్నప్పుడే అలవాటైన విద్య కదా!

బూత్ కాస్తా ఇంటర్నెట్ సెంటర్ అయింది. రాత్రి షెటర్ సగం దించేశాక క్యాబిన్‌లో కూర్చుని, తనలాంటి వాళ్లు లోకమంతా ఉన్నారని మొదటిసారి చదివాడు. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. మర్నాడు పొద్దున్నే మళ్లీ పాస్‌పోర్టు ఫారాలు, పదో తరగతి ఫలితాలు. ఆ రోజుల్లోనే బావ వీసా పంపిస్తానన్నాడు. వెళ్లలేదు. తనలాంటి వాళ్లని అక్కడి చట్టం జైల్లో పెడుతుంది. అప్పట్లో ఇక్కడా 377 సెక్షన్ ఉంది గానీ, ఇక్కడ కనీసం అమ్మ ఉంది.

వాడకట్టు కూడా మారింది. గల్ఫ్ సొమ్ముతో పెంకుటిళ్లు డాబాలయ్యాయి. డాబాలకి ప్రహరీ గోడలొచ్చాయి, గోడలకి ఇనప గేట్లు, గేట్లకి సీసీ కెమెరాలు. ఇదివరకు ప్రతి ఇంటి ముందూ అరుగుండేది. సాయంత్రం ఆయన ఆ దారిన పోతే ‘లగ్గం ఎప్పుడు జేసుకుంటవ్ బిడ్డా?’ అనే ప్రశ్న ఇంటింటా ఎదురయ్యేది. ఇప్పుడు అరుగుల్లేవు. అడిగేవాళ్లూ తగ్గారు. హాయిగా ఉందనుకున్నాడు మొదట్లో. కానీ ఆ అరుగుల మీది ఆడవాళ్లే తల్లికి పక్షవాతం వచ్చిన రాత్రి క్షణాల్లో చుట్టూ చేరింది. ఇప్పుడైతే గేటు ముందు నిలబడి ఫోన్ చేయాలి.

స్మార్ట్‌ఫోన్ వచ్చాక మరో వింత. తనలాంటి వాళ్లు పరిచయమయ్యే యాప్ ఉందని తెలిసి భయంభయంగా వేసుకున్నాడు. ఫొటో లేని ఓ మనిషి కనిపించాడు. దూరం... యాభై మీటర్లు! గుండె ఆగినంత పనైంది. ఎదురుగా టైలరు, పక్కన కిరాణా కొట్టు, అవతల ఎరువుల దుకాణం. ఎవరై ఉంటారు? వెంటనే యాప్ తీసేశాడు. ఆ వారమంతా వచ్చిన ప్రతి గిరాకీ మొహంలోకీ చూశాడు. బహుశా అవతలి మనిషీ అలాగే చూసుంటాడు, పాపం!

ఇంట్లోనే పిల్ల

2014లో పెద్ద పరీక్షే వచ్చింది. అక్క బిడ్డ ఇంటర్ పూర్తిచేసింది. ‘ఇంట్లనే పిల్ల ఉండంగ బయట ఎందుకు? మేనమామకే ఇయ్యరాదు?’ అన్నారు బంధువులు. తరతరాల రివాజు. వయసు తేడా పదహారేళ్లన్నా ఎవరూ పట్టించుకోలేదు. గల్ఫ్ నుంచి బావ కూడా సరే అన్నాడు. ఆయన ఒక్కడే కాదన్నాడు. కారణం చెప్పలేదు. ‘పిల్ల సదువుకుంటది, సదివియ్యుండ్రి’ అన్నాడంతే. రెండేళ్లు బావ సరిగ్గా మాట్లాడలేదు. ఆ పిల్ల హైదరాబాద్ వెళ్లి చదువుకుంది. అక్కడే ఉద్యోగం చేస్తోంది.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపూర్వకంగా కలిసే పెద్దవాళ్ల విషయంలో 377 సెక్షన్ చెల్లదంది. మర్నాడు పేపర్ మొదటి పేజీలో అదే. కౌంటర్ మీద పేపర్ చదువుతూ ఒకాయన ‘గిదేం కలికాలమో’ అన్నాడు. మరొకాయన నవ్వాడు. ఈయన ఆధార్ కార్డు రెండువైపులా జిరాక్స్ తీసి చేతికిచ్చాడు. చిల్లర తిరిగిచ్చేటప్పుడు వేళ్లు వణికాయి. ఐదు రోజులకే, సెప్టెంబరు 11న, కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు పడి అరవై మందికి పైగా చనిపోయారు. జిల్లా అంతా శోకంలో మునిగింది. తీర్పు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఎత్తింది మేనకోడలే. 2023లో పెళ్లి హక్కు కేసు సుప్రీంకోర్టులో నడుస్తోంది. ముందు నిలబడ్డ పిటిషనర్లు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్‌లో ఉండేవాళ్లే. దసరాకి ఇంటికొచ్చిన పిల్ల, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న మేనమామ పక్కన నిలబడి మెల్లగా అడిగింది: ‘మామా, నన్ను ఎందుకు జేసుకోలేదో నాకు సమజైంది. నిజమేనా?’ ఆయన తలూపాడు. కళ్లు తుడుచుకున్నాడు. ‘ఉల్లిగడ్డ మామా, ఉల్లిగడ్డ’ అని నవ్విందామె. అంతకు ముందు వారమే, అక్టోబరు 17న, పెళ్లి హక్కు ఇవ్వలేమని కోర్టు చెప్పేసింది. అయినా ఆ ఇంట్లో ఓ తలుపు తెరుచుకుంది.

తల్లికి చెప్పడానికి మరికొంత ధైర్యం కావాల్సొచ్చింది. తీరా చెప్పబోతే ఆమే అడ్డుకుంది. ‘నీకు ఆడపిల్లల మీద మనసు లేదని నాకు ఎన్నడో ఎరుకే కొడుకా. నా తర్వాత నీకు బువ్వ ఎవ్వలు పెడ్తరన్నదే నా రంది’ అంది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో వంట చేస్తున్నది ఆయనే. అయినా తల్లి అడిగింది బువ్వ గురించి కాదని ఆయనకి తెలుసు.

సంబంధం ఏమిటి?

వెళ్లినవాళ్లు ఇప్పుడు ఒక్కొక్కరే తిరిగొస్తున్నారు. యాభై దాటి, మోకాళ్ల నొప్పులతో, షుగర్‌తో. కట్టిన ఇంట్లో వాళ్లకే కొత్త. పిల్లలకి తండ్రితో ఏం మాట్లాడాలో తెలియదు. పొద్దుపోక వచ్చి జిరాక్స్ సెంటర్ బెంచీ మీద కూర్చుంటారు... ఒకప్పుడు వాళ్ల భార్యలు ఫోన్ కోసం ఎదురుచూసిన బెంచీ అది. ‘నువ్వే నయం రా, మీ అమ్మ దగ్గర్నే ఉన్నవ్’ అన్నాడు ఒకాయన మొన్న. పెళ్లి గురించి ఏళ్ల తరబడి ఎగతాళి చేసింది ఆయనే.

ఆయన జీవితంలోకీ ఒకరు వచ్చారు. యాప్‌లో కాదు, కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్లే బస్సులో పక్క సీట్లో. జగిత్యాలలో ప్రభుత్వ ఉద్యోగి. ఆదివారాలు అక్కడ. ఏదైనా పండగకి ఆ దోస్తు ఇక్కడికి. తల్లి కాళ్లకి నూనె రాసిచ్చేంత చనువు. గల్లీలో ఎవరూ ఏమీ అనరు. దోస్తానా అనే పాత నీడ ఇంకా అలాగే ఉంది.

ఊరందరి ఫారాలూ నింపే ఆయన, తన బ్యాంకు ఖాతాలో మాత్రం నామినీ గడి చాలా ఏళ్లు ఖాళీగా వదిలేశాడు. కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న ఓ వివరణ ఇచ్చింది. స్వలింగ భాగస్వాములు ఉమ్మడి ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఎలాంటి ఆంక్షలూ లేవన్నది దాని సారాంశం. ఆ సంగతి చదివిన కొన్నాళ్లకి ఆయన బ్యాంకుకి వెళ్లాడు. నామినీ ఫారంలో పేరు, చిరునామా, వయసు. ఇంకో గడి ఉంటుంది. ‘ఖాతాదారుతో సంబంధం, ఏదైనా ఉంటే’ అని.

ఎంతోమందికి ఆ గడిలో ‘భార్య’ అనీ ‘కొడుకు’ అనీ రాసిచ్చిన చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత ‘స్నేహితుడు’ అని రాసింది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఫారం తీసుకుంది. కంప్యూటర్‌లో కొట్టింది. స్టాంపు వేసి రసీదు ఇచ్చింది. తలైనా ఎత్తలేదు.

సాయంత్రం తల్లికి ఆ రసీదు చూపించాడు. చదువురాని ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ‘ఎవ్వల పేరు రాసినవ్?’ అంది. చెప్పాడు. ఆమె రసీదుని మడతపెట్టి, ఇంటి పట్టా దాచిన ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది.