తొరాజా కొండల్లో ప్రేక్షకులకి ప్రవేశం లేదు!

ఔట్‌డోర్ అనగానే మనకి ఊటీ, కాశ్మీరే గుర్తొస్తాయి. ఈసారి సెలవులకి ఇండోనేషియా వెళ్దామా? సులవేసి దీవిలో తానా తొరాజా కొండలున్నాయి. మకస్సర్‌లో విమానం దిగి రాత్రి బస్సెక్కితే సుమారు 300 కిలోమీటర్లు. తెల్లారేసరికి రాంతెపావో ఊరు! పడవలాంటి కప్పులతో ‘తొంకొనాన్’ ఇళ్ళు... లెమోలో కొండరాతిని తొలిచిన సమాధులు, వాటి పక్కనే వసారాల్లో నిలబెట్టిన చెక్కబొమ్మలు... ఏ ఆర్ట్ డైరెక్టరూ వెయ్యలేని సెట్టింగు!

జూలై, ఆగస్టుల్లో వెళ్తే పెద్దపెద్ద అంత్యక్రియలు చూడొచ్చు. ఖర్చులకి డబ్బు కూడేదాకా శవాన్ని ఇంట్లోనే ఉంచుతారు. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు! అంతవరకూ ఆ మనిషి ‘జబ్బుమనిషే’. భోజనం పెడతారు, పలకరిస్తారు. చివరికి దున్నపోతుల్ని బలిచ్చి సాగనంపుతారు.

చిక్కంతా ఇక్కడే! మనం సెలవు పెట్టేది ఎవరింట్లోనో చావుని బట్టి. అది సినిమా కాదు కదా! అందుకే ఆ ఊరి గైడుని వెంటబెట్టుకోండి. నల్లబట్టలు వేసుకోండి. చక్కెరో, సిగరెట్లో ఇంటివాళ్ళ చేతిలో పెట్టండి. మనవైపు చావింట్లో మంచినీళ్ళు ముట్టడానికీ సందేహిస్తారు. అక్కడ వాళ్ళిచ్చిన కాఫీ కాదనకండి. అడక్కుండా కెమెరా ఎత్తకండి.

ప్రేక్షకుడిగా బయల్దేరి చుట్టంగా తిరిగొస్తే... టిక్కెట్టు డబ్బులు గిట్టినట్టే!