దినదిన భాగము

2020 మార్చిలో దేవాలయపు తలుపులు మూయవలసివచ్చినప్పుడు, యలమంచిలిలోని మా సంఘస్థులకు వాక్యమందించుటకు వాట్సాపు, ఫేసుబుక్కు, యూట్యూబు మూడింటిని నేను ఒక్కమారే చేపట్టితిని. ప్రతిదినము మూడింటికి మూడు వేర్వేరు ధ్యానములు! నలుబది దినములైనను నిలువలేకపోతిని. పిమ్మట, మనస్సు వచ్చినప్పుడు పది, రానప్పుడు శూన్యము.

అంతకంటె సిగ్గుకరమైనది చెప్పెదను. కొంతకాలమునకు, మంచముపట్టిన యొక తల్లియొద్ద ప్రార్థనకు కూర్చుండి, నా ధ్యానమును ఎందరు చూచిరో యని ఫోనువైపు కన్ను త్రిప్పితిని. ఆమె, "ఎవరైనా పిలుస్తన్నారేటి అయ్యగారూ?" అని అడిగెను.

ఆ రాత్రి నిర్గమకాండము 16వ అధ్యాయము తెరచితిని. ఇశ్రాయేలీయులు మన్నాను ఏనాటి బత్తెము ఆనాడే కూర్చుకొనిరి. ఆశపడి మిగిల్చినది పురుగుపట్టెను. ఏడవ దినమున కూర్చుట లేదు. పౌలును కొలొస్సయులకు వ్రాసిన పత్రికనే లవొదికయ సంఘములోను చదివింపుమనెను గదా!

ఇప్పుడు వారమునకు రెండే ధ్యానములు. సోమవారము వ్రాసికొని, మంగళ, శుక్రవారములలో పంపుదును. చదువురానివారికొరకు మొదట వాట్సాపులో నా గొంతుతో. ఆ మాటలే ఫేసుబుక్కులో అక్షరములుగా. నెలకొకటి మాత్రము యూట్యూబులో. ఆదివారము ఏమియు పంపను. చూచినవారి లెక్క నెలకొకమారు చూతును (ఇదియు కష్టమే సుమా).

ఆ తల్లికి ఫోను లేదు. గురువారము సాయంత్రము, నాది ఇంటనే విడిచి, వెళ్లి చదివి వినిపించుచున్నాను.