కంచం అడుగున గుర్తు



మన హాస్టల్లో కంచాలన్నీ ఒకేలా ఉండేవి. ఎవరిది ఎవరిదో పోల్చుకోవడానికి అడుగున మేకుతో గుర్తు గీసుకునేవాళ్ళం. ఎమ్మెస్సీలో డీఎన్ఏ మార్కర్ల పాఠం విన్నప్పుడు నాకు ఆ కంచమే గుర్తొచ్చింది. ఆ పాఠం మా ఇంటికే వస్తుందని మాత్రం అనుకోలేదు. అప్ప ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను.

మా అప్పను విజయనగరం వైపు ఇచ్చారు. ఆమె కొడుకు అయిదేళ్ళప్పుడు పరుగెత్తలేక పడిపోయేవాడు. నేల మీంచి లేవాలంటే తన తొడల మీదే చేతులు వేసుకుని ఎగబాకినట్టు లేచేవాడు. పిక్కలు లావుగా ఉంటే బలమైన పిల్లడనుకున్నాం. విశాఖలో డాక్టరుగారు పరీక్షలు చేయించి డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ అన్నారు. కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు. మా మేనమామ కూడా ఇలాగే నడక పోయి పద్దెనిమిదేళ్ళకే చనిపోయాడని అమ్మ అప్పుడు చెప్పింది.

"మీ పుట్టింటి నుంచి వచ్చిన రోగమిది" అంది అప్ప అత్తగారు. "నానేటి పాపం సేసినానురా తమ్ముడూ?" అని అప్ప ఏడ్చింది. నేను జవాబు చెప్పలేకపోయాను. నా పుస్తకంలోనూ అత్తగారి మాటే ఉంది మరి.

ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవారికి రెండు ఎక్స్‌లు కాబట్టి ఒకటి పాడైనా రెండోది చాలావరకు కాపాడుతుంది. మగపిల్లడికి ఉండేది ఒకటే, అదీ తల్లి నుంచే వస్తుంది. తల్లి వాహకురాలైతే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం సగం, ప్రతి కూతురూ వాహకురాలయ్యే అవకాశం సగం. సుమారు మూడింట ఒక వంతు పిల్లల్లో తల్లికి లోపం లేకుండానే కొత్తగా వస్తుంది. మాది అలా కాదని మామయ్య సంగతే చెబుతోంది.

ఇంట్లో చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. "నాకూ ఉందా అన్నయ్యా?" అని అడిగింది.

మనిషి జన్యువుల్లో బాగా పెద్దవాటిలో ఇదొకటి. 20 లక్షలకు పైగా అక్షరాలు, 79 ఎక్సాన్లు. ముందు ముక్కలేమైనా పోయాయా, రెట్టించాయా అని చూస్తారు. ఎక్కువమందిలో తప్పు అక్కడే దొరుకుతుంది. లేకపోతే అక్షరం అక్షరం చదువుతారు. కొన్ని కుటుంబాల్లో అప్పటికీ దొరకదు. మాదీ అలాంటిదే. అప్పుడే మార్కర్లు అక్కరకొస్తాయి.

జన్యువులోనూ, దాని పక్కనా సీ, ఏ అనే రెండక్షరాలు పదేపదే వచ్చే చోట్లుంటాయి. ఒక ఎక్స్‌లో అవి 16 సార్లుంటే ఇంకోదాంట్లో 21 సార్లుండొచ్చు. అది జబ్బు కాదు, కంచం మీది గీత లాంటిది. సొట్ట కనబడకపోయినా, ఆ కంచం గుర్తు తెలిస్తే అది ఎవరి చేతికెళ్ళిందో చెప్పొచ్చు. అండం తయారయ్యేటప్పుడు తల్లి ఎక్స్‌లు రెండూ ముక్కలు మార్చుకుంటాయి గనుక జన్యువు రెండు చివర్లా, మధ్యలోనూ గుర్తులు చూస్తారు.

దీనికి ఒక్కరి రక్తం చాలదు. పిల్లడిది, అప్పది, అమ్మానాన్నలది, చెల్లిది, నాదీ తీశారు. పిల్లడిది జబ్బు ఎక్స్. ఆరోగ్యంగా ఉన్న నాకు వచ్చింది అమ్మ రెండో ఎక్స్. చెల్లికి అమ్మ నుంచి వచ్చింది ఎవరి గుర్తులతో కలుస్తుందో చూడాలి. మామయ్య రక్తం ఎవరూ దాచలేదు. జబ్బున్న పిల్లడు ఉండగానే డీఎన్ఏ తీసి దాచితే తర్వాతి తరానికి దారి దొరుకుతుంది.

మామయ్యకూ నాకూ తేడా అదృష్టమొక్కటే. అదే అప్పకు చెప్పాను: "మనింటి నుంచి వచ్చింది నిజమే. కానీ నువ్వు తెచ్చింది కాదు. ఏ ఎక్స్ ఎవరికివ్వాలో అమ్మమ్మా ఎంచలేదు, అమ్మా ఎంచలేదు." అప్ప చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ ముక్క మా అత్తకీ సెప్పు" అంది. వెళ్ళి చెప్పాను.

చెల్లి ఫలితం ఇక్కడ రాయను. అది చెల్లిది.

తమ్ముళ్ళూ, హీమోఫీలియా కూడా ఇలాగే తల్లి ఎక్స్ ద్వారా వస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ రెండు జబ్బులూ ఉన్నాయి. గర్భంలో ఆడో మగో చెప్పడాన్ని నిషేధించిన 1994 చట్టమే, గుర్తింపు పొందిన కేంద్రాల్లో ఇలాంటి జబ్బుల పరీక్షకు అనుమతిస్తుంది. మన హాస్టల్లో ఊరికే పడిపోయే పిల్లడు గానీ, చిన్న దెబ్బకే రక్తం ఆగని పిల్లడు గానీ ఉంటే నవ్వకండి. వార్డెన్ గారికి చెప్పండి. వాళ్ళింట్లో మేనమామల సంగతి కనుక్కోమనండి. తల్లిని మాత్రం ఎవరూ నిందించకండి.

- పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ హ్యూమన్ జెనెటిక్స్