జాలీబోయ్ దీవి: నీటి కింద గోధుమరంగు

దక్షిణ అండమాన్‌కు నైరుతి దిక్కున, 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలోని పదిహేను దీవుల్లో జాలీబోయ్ ఒకటి; జనావాసం గాని రాత్రి బస గాని లేని ఈ దీవికి వండూరు రేవు నుంచి ఉదయం లాంచీలో వెళ్లి, పొద్దు వాలకముందే తిరిగి రావడం ఆనవాయితీ. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారినా జనం నోట ఇంకా పోర్ట్ బ్లెయిర్‌గానే ఉన్న పట్టణంలో యాత్రికుడు గడిపిన రెండు రోజుల గురించి చెప్పుకోదగినది లేదు. వండూరు ఒడ్డున మాత్రం, 2004 నాటి భూకంపానికి ఈ ప్రాంతం సుమారు ఒక మీటరు కుంగిపోగా ఉప్పునీటికి చచ్చిన చెట్ల మోళ్లు కొంతసేపు కాళ్లను కట్టిపడేస్తాయి.

రేవులో సంచులు విప్పించి ప్లాస్టిక్ వస్తువులను ఆపేస్తారు. నీళ్ల సీసా తీసుకువెళ్లాలంటే కొంత సొమ్ము ధరావతు కట్టి, సీసాను తిరిగి చూపించి ఆ సొమ్ము తీసుకోవాలి. వరసలో నిలబడ్డవారు విసుక్కున్నా, దీవిలో చెత్త కనబడకపోవడానికి ఈ చాదస్తమే కారణమని ఒప్పుకోక తప్పదు.

ముఖానికి అద్దపు తొడుగు, నోట ఒక గొట్టం పెట్టుకుని, నీటి పైపొరలో బోర్లా తేలుతూ అడుగును చూడడాన్ని స్నార్కెలింగ్ అంటారు. జలాంతర్గామికి గాలి అందించే గొట్టానికి జర్మన్లు పెట్టిన పేరు నుంచి ఈ మాట పుట్టింది. దీవి చేరాక, అద్దం మసకబారకుండా లోపలివైపు ఉమ్మి రాసి కడగాలని పడవవాడు చెప్పినప్పుడు మొహం చిట్లించినవారే, రెండు నిమిషాల తరవాత ఆ పని శ్రద్ధగా చేయడం కనిపించింది.

నీటిలోకి దిగిన వెంటనే ఎక్కువమందికి కలిగేది నిరాశ. ప్రచార చిత్రాల్లోని ఎరుపులూ నారింజలూ ఇక్కడ దొరకవు. సూర్యకాంతిలోని ఎరుపును నీరు అన్నిటికన్నా ముందు పీల్చేస్తుంది కనుక, దీపం లేని కంటికి అడుగు భాగం గోధుమగానూ బూడిదపచ్చగానూ కనిపిస్తుంది. అయితే ఈ గోధుమరంగు వెలిసిపోయిన రంగు కాదు. పగడం అంటే పాలిప్ అనే మెత్తని చిన్న జీవులు సున్నంతో కట్టుకున్న ఇల్లు. ఆ జీవుల ఒంట్లో కాపురముండి, ఎండతో ఆహారం తయారుచేసి పెట్టే సూక్ష్మమైన నాచు రంగే ఆ గోధుమ. నీటి వేడి మితిమీరి కొన్ని వారాలు అలాగే ఉంటే పాలిప్‌లు ఆ నాచును వెళ్లగొట్టి, సున్నపు ఎముక పైకి కనబడడంతో తెల్లబడతాయి. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తాయి. 2010 వేసవిలో అండమాన్ పగడాలు విస్తారంగా అలాగే తెల్లబడ్డాయి. అంటే ఇక్కడ కంటికి ఇంపైన తెలుపు రోగం, మురికిలా తోచేది ఆరోగ్యం.

యాత్రికుడిని అన్నిటికన్నా ఎక్కువసేపు నిలిపింది రంగు కాదు, చప్పుడు. చెవులు నీటిలో మునిగి ఉండగా ఎక్కడో ఎవరో వేయించిన శనగలు నములుతున్నట్టు కరకరమని వినిపించి, వెతగ్గా, మూరెడు పొడవున్న నీలిపచ్చ చిలుకచేప ఒకటి పగడపు బండను కొరుకుతూ దొరికింది. పళ్లన్నీ కలిసిపోయి ముక్కులా ఏర్పడడం వల్ల దానికి ఆ పేరు. బండ మీది నాచుతో పాటు సున్నాన్నీ కొరికి, గొంతులోని మరో పళ్లవరసతో పిండిచేసి మింగుతుంది. బండ మీద జంట గీతలు పడ్డాయి. చేప కొంచెం దూరం ఈది, తోక కింద నుంచి తెల్లని పొడిని మబ్బులా వదిలింది. పెద్ద చిలుకచేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక ఇలా తయారుచేయగలదు. ఒడ్డున జనం తువ్వాళ్లు పరుచుకున్న వెన్నెలలాంటి ఇసుకలో ఈ చేపల విసర్జనకు పెద్ద వాటాయే ఉంది. ఈ సంగతి విన్న తోటి ప్రయాణికుల్లో ఒకరు తువ్వాలు మడిచి పెట్టుకున్నారు.

చేప వెంట వెళ్లే ఆత్రంలో యాత్రికుడి కాలు అడుగుకు వాలబోయింది. "కాలెట్టకండి బాబూ, అది రాయి కాదు, దానికి పేణం ఉంది" అని పడవ మీది నుంచి తెలుగులో కేక వినబడింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకూ కూలికీ వలస వచ్చిన కుటుంబాలు అండమాన్‌లో తక్కువేమీ కావు; ఈ పడవవాడు ఇక్కడే పుట్టినా, తాత నాటి యాస చెక్కుచెదరలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక పిల్లవాడు రుమాలు నిండా పగడపు ముక్కలు ఏరుకుని వచ్చాడు. 2001 నుంచి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులికి ఇచ్చిన రక్షణ కింద ఉన్నాయి కనుక, చచ్చిన ముక్కయినా తీసుకుపోవడం నేరం. పడవవాడు గద్దించలేదు, రుమాలు తానే అందుకుని, ఒడ్డున విప్పి దులిపి, మడతపెట్టి తిరిగి ఇచ్చాడు. పిల్లవాడు వంగి చూశాడు గాని, పడినవి ఏవో అక్కడ ముందునుంచీ ఉన్నవి ఏవో పోల్చుకోలేకపోయాడు. ఈలోగా ఆటు తీయడం మొదలైందని లాంచీ హారన్ మోగించారు.