విమానాశ్రయపు వాకిట

ప్రయాణమున దూరముకన్న భారమే కష్టము. ఎన్ని యోజనములనైనను విమానము కొన్ని గడియలలో దాటించును. కాని బండి దిగినచోటినుండి పెట్టెలను లోపలికి చేర్చుకొను నూరడుగుల మేరయే స్త్రీలకును వృద్ధులకును దుర్గమము. అమెరికా దేశపు విమానాశ్రయములు పెక్కింట ఈ శ్రమను తప్పించు ఏర్పాటొకటి కలదు. బండి ఆగిన బాట యంచుననే పెట్టెల నప్పగించి, బరువు లేక లోపలికి పోవచ్చును. దీనినే కర్బ్‌సైడ్ చెకిన్ అందురు. బిడ్డలను చూచుటకై ఆ దేశమున కేగు తల్లులు నేడు మన యిండ్లలో ననేకులు కలరు గనుక, సోదరీమణుల కుపయోగించునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గడచిన వేసవిలో నేను మా అత్తగారితో గూడ బోస్టను నగరమున మా ఆడుబిడ్డ యింట రెండు మాసము లుంటిని. అటనుండి డల్లాసులోని మా మరిది యింటికి పోవలసి వచ్చెను. బోస్టను విమానాశ్రయమునకు లోగన్ అని పేరు. అది 1923లో ఏర్పడినది. ఊరికిని దానికిని నడుమ సముద్రపు పాయ యుండుటచే, బండ్లు నీటి యడుగున త్రవ్విన సొరంగముగుండా పోవును. ఆశ్రయము చేరిన పిదప బయలుదేరు వారికి పైబాట, వచ్చువారికి క్రిందిబాట. ఆ పైబాట యంచున చిన్న బల్లలు వేసికొని, ఒకేరీతి దుస్తులు ధరించిన పనివారు నిలిచి యుందురు. వీరిని స్కైకాపులందురు.

వారు మొదట గుర్తింపు పత్రము నడుగుదురు. పరదేశీయులకు పాస్‌పోర్టు చాలును. పిమ్మట టికెట్టు వివరములు చూచి, పెట్టెను తూచి, చీటి కట్టి, అందలి యొక తునక మనచేతి కిత్తురు. దానిని పదిలముగా దాచుకొనవలెను. పెట్టె దారితప్పినచో అదియే మనకు సాక్ష్యము. సామాన్యముగా ఒక్కొక్క పెట్టె 50 పౌనులకు, అనగా సుమారు 23 కిలోలకు మించరాదు. మించినచో అదనపు రుసుము గలదు.

మా పెట్టె 52 పౌనులు తూగెను. మా అత్తగారు చిన్నకొడుకునకై ఆవకాయ జాడీ నొకదానిని ఎవరికిని తెలియకుండ అందు చేర్చియుండిరి. ఆ స్కైకాపు నవ్వి, "దీనిని రెండవ పెట్టెలోనికి మార్చుడు, తొందరలే"దని ప్రక్కకు జరిగి చోటిచ్చెను. మా అత్తగారి మోకాళ్ల నొప్పి గనిపెట్టి, అడుగకమునుపే చక్రముల కుర్చీని గూడ పిలిపించెను. ఆ కుర్చీ సాయమునకు విమాన సంస్థలు వెల గొనరాదని 1986 నాటి శాసనమువలన నేర్పడినది.

పెట్టెలు సాగిపోయిన పిదప నేనతనికి కొంత సొమ్మీయబోగా, అత్తగారు, "అమ్మాయీ, పెట్టెలకు రుసుము గట్టితిమి గదా, మరల నిదియేమి?" అనిరి. ఈ ప్రశ్నయే ఆ బోస్టనులో న్యాయస్థానముదాక పోయినది.

2005లో ఒక పెద్ద విమాన సంస్థ బాట యంచున అప్పగించు ఒక్కొక్క పెట్టెకు రెండు డాలర్ల రుసుము విధించెను. ప్రయాణికులలో పలువు రది పనివానికే చేరుననుకొని, వేరుగ నీయుట మానిరి. ఆ పనివారి జీవనములో పెద్దపాలు మనమిచ్చు ఆ చిల్లరయే. లోగనులోని స్కైకాపులు తొమ్మండుగురు వ్యాజ్యము వేయగా, 2008లో జూరీ వారి పక్షమున మూడు లక్షల డాలర్లకు పైగా తీర్పు చెప్పెను. కాని 2011లో పై న్యాయస్థానము, విమాన సంస్థల ధరల విషయమున రాష్ట్ర శాసనము చెల్లదని ఆ తీర్పును కొట్టివేసెను. రుసుము వేరు, పనివానికిచ్చునది వేరు అని ప్రయాణికులు తెలిసికొనుట ఒక్కటియే వారికి మిగిలిన యాధారము.

ఈ వృత్తికి మూలము రైలు స్టేషనులు. అచట ఎఱ్ఱటోపీలతో మూటలు మోయువారిని రెడ్‌కాపులనెడివారు. వారిలో పెక్కండ్రు నల్లజాతివారు. 1937లో విల్లార్డ్ టౌన్‌సెండ్ అను నాతని నాయకత్వమున వారు సంఘముగా గూడి, తమ శ్రమకు న్యాయమైన ప్రతిఫలము కొరకు పోరిరి. ఆ వృత్తియే విమానములతో ఆకాశపు పేరు దాల్చినది. 2001 సెప్టెంబరు 11 నాటి దారుణము పిదప ఈ పద్ధతి కొన్నాళ్లు నిలిపివేయబడి, కట్టుబాట్లతో మరల ప్రారంభమైనది. మన రైలు స్టేషనులలో ఎఱ్ఱచొక్కా, ఇత్తడి బిళ్లలతో నుండు కూలీలకు 2016లో సహాయకులని పేరు మార్చిరి. పేరు మారినంత మాత్రమున వీపుమీది బరువు తగ్గదు గదా.

ఇదంతయు చెప్పగా మా అత్తగారు, ఆ నోట్లను నాచేతినుండి తీసికొని, తామే అతని చేతిలో నుంచి నమస్కరించిరి. అతడును చేతులు జోడించెను.

ఈ దారిని పోవు సోదరీమణులు కొన్ని సంగతు లెరుగవలెను. ఈ సౌకర్యము ముఖ్యముగా ఆ దేశములోని ఊళ్ల నడుమ ప్రయాణములకు. అన్ని సంస్థలును, అన్ని ఆశ్రయములును కల్పింపవు గనుక ముందే విచారించుకొనుట మేలు. విమానము కదలుటకు ముప్పావుగంటకు తక్కువైన పెట్టెలను తరచుగా గ్రహింపరు. పవర్‌బ్యాంకులు, విడి బాటరీలు పెట్టెలో నుంచక చేతిసంచిలోనే యుంచుకొనవలెను. నూనె తేలు పచ్చళ్లు మాత్రము పెట్టెలోనికే. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవములు చెల్లవు. చేతికిచ్చుటకు చిల్లర నోట్లు వేరుగ దాచుకొనుడు. పెట్టెకు రెండు డాలర్లో, అంతకు కొంత హెచ్చో ఇచ్చుట అచటి వాడుక.

విరాటుని కొలువున ద్రౌపది సైరంధ్రియై యుండినప్పుడు, ఆమె చేయు పనినిబట్టియే ఆమెను తూచినవారు తప్పుదూచిరి. మన బరువు నెత్తుకొను చేతులను గౌరవించుటకు దేశభేదము లేదు.