మా నిద్రకూ ఒక లెక్కుంది

'మీవాళ్లు అర్ధరాత్రి దాకా తిరుగుతారు, పొద్దెక్కినా లేవరేం?' మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. దేశభక్తికి పెట్టినట్టే మా నిద్రకూ ఒక పరీక్ష.

మా ఇంట్లో గడియారాలు రెండు. ఒకటి గోడ మీదిది, రెండోది మసీదు నుంచి వినిపించేది. ఆ రెండోది సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది. హైదరాబాదులో జూన్‌లో పొద్దు 5.40 ప్రాంతంలో పొడిస్తే, జనవరిలో 6.45 దాటుతుంది. ఫజర్ నమాజు వేళా దానితోపాటే జరుగుతుంది. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడానికి మాకు కైలూలా అని పేరే ఉంది. రంజాన్‌లో తరావీ, సహరీ కలిసి రాత్రిని ముక్కలు చేస్తాయి. ఇదంతా బద్ధకమేనా?

మేము పత్రికలో రాత్రి డెస్కు మనుషులం. చివరి ఎడిషన్ పోయేసరికి రెండవుతుంది. మా అమ్మీకి మాత్రం ఇషా కాగానే కళ్లు మూతలు పడతాయి, ఫజర్‌కు అలారం అక్కర్లేదు. ఒకే ఇల్లు, ఒకే దీన్, రెండు తీర్లు. ఒంట్లోనే గడియారం ఉందని సైన్సూ అంటున్నది. పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో దాని గుట్టు విప్పినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు నోబెల్ వచ్చింది. కొందరిది కోడికూత ఒళ్లు, కొందరిది రాత్రయ్యేకొద్దీ పదునెక్కే బుర్ర. దీనికి మతం లేదు.

అందుకే మా రోజును ఒంటి కొలతకు కుట్టుకున్నాం. అర్ధరాత్రి దాటితే చాయ్ ముట్టం. ఫజర్ చదివి, నల్ల పరదా దించి పడుకుంటాం. లేవగానే కాసేపు ఎండలో నిలబడతాం. బజారు పనులు మధ్యాహ్నం, రాతపని సాయంత్రం. సెలవు రోజైనా వేళ మార్చం.

ఈ వెసులుబాటు అందరిదీ కాదు. తెల్లారుజామున హోటల్లో రోటీ కాల్చే పిల్లాడు, రాత్రంతా ఆటో నడిపే భాయి ఒంటినడిగి పనికి పోరు. ఒక్క గదిలో వంతులేసుకుని పడుకునే ఇంట్లో నల్ల పరదా ఎక్కడ కడతారు? లేటుగా లేచాడని వేలు చూపేవాళ్లు, అతను ఎన్నింటికి ఇల్లు చేరాడో ముందు అడగాలి.

ఆ వేలు మావైపు కూడా తిప్పుకోవాలి. రంజాన్‌లో అందరికంటే ముందు లేచి సహరీ వండేది, గిన్నెలు తోమి అందరికంటే చివర పడుకునేది మా ఆడవాళ్లు. వాళ్ల ఒంటి గడియారం ఏమంటున్నదో అడిగే మగవాళ్లు ఎందరు? వచ్చే రంజాన్‌లో వాళ్లను ఇంకో గంట పడుకోనిచ్చి, పొయ్యి మగవాళ్లమే ముట్టిద్దాం.