డిశ్చార్జి అయిన తరువాత



పక్షవాతం వచ్చిన ఇంటికి వెళ్లి ప్రార్థన చేయడం మన సంఘాల్లో అందరికీ తెలుసు. ఆ తరువాతి ఆరు నెలలు ఏం చేయాలో తెలిసినవాళ్లే తక్కువ.

మన సంఘ పెద్ద ఒకరికి కుడి చేయి, కాలు పడిపోయి మాట పోయింది. ప్రాణం దక్కింది. డిశ్చార్జి రోజున ఇంటివాళ్లు కృతజ్ఞతా కూటం గురించి మాట్లాడుతుంటే డాక్టరుగారు ఆపి, "అసలు పని రేపటి నుంచి" అని ఫిజియోథెరపీ గది చూపించారు. చచ్చిపోయిన మెదడు భాగం తిరిగి రాదు. అదే కదలికను వందలసార్లు చేయిస్తే మిగిలిన మెదడు ఆ పని నేర్చుకుంటుంది. మొదటి నెలల్లోనే ఆ నేర్చుకోవడం వేగంగా సాగుతుంది. పావురం రక్తం పూయించడానికి తిరిగేవాళ్లు పోగొట్టుకునేది ఆ నెలల్నే.

ఆ గదిలో నేను చాలా ఉదయాలు కూర్చున్నాను. జీవితమంతా అరక దున్నిన మనిషికి గిన్నెలోని చిక్కుడు గింజను రెండు వేళ్లతో ఎత్తడానికి చెమటలు పట్టేవి. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, మళ్లీ లేవడం. ఒక్కోసారి ఊరికే ఏడ్చేసేవారు. ఆ ఏడుపు, ఆ దిగులు జబ్బులో భాగమే. విశ్వాసం తగ్గిందని ఎవరూ అనకండి. డాక్టరుకు చెప్పండి, దానికీ మందు ఉంది.

మాట నేర్పే అమ్మాయి ఒకరోజు, "ఈయనకు బాగా వచ్చిన పాట ఎత్తండి అయ్యగారూ" అంది. చిన్నప్పటినుంచి పాడే కీర్తన పల్లవి ఎత్తాను. మంచినీళ్లు అడగలేని ఆ నోరు చరణం దాకా మాటలతో సహా అందుకుంది! మెదడులో ఎడమవైపు దెబ్బ తిని మాట పోయినా చాలామందిలో పాట మిగులుతుందనీ, ఆ రాగాన్ని పట్టుకునే మాట నేర్పుతామనీ ఆమె వివరించింది. కారణం తెలిశాక నా స్తోత్రం ఇంకా ఎక్కువైంది.

వేలూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్ అనే ఆమె ఉండేవారు. 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయాయి. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలు కావడానికి ఆమే కారణం. ఆమె మాత్రం తిరిగి నడవలేదు. ఈ సంగతి స్వస్థత కూటాల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

పరామర్శకు వెళ్లేవారికి ఒక మాట. పడిపోయిన చేతిని పట్టి లాగి లేపకండి, భుజం కీలు జారుతుంది. పడుకోబెట్టి నీళ్లు పోయకండి, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆయనను అడిగిన ప్రశ్నకు భార్య జవాబు చెప్పేలోపు ఆయనకు కొంచెం సమయం ఇవ్వండి.

కప్పు విప్పి పక్షవాయువు గలవానిని దింపిన నలుగురి పేర్లు మార్కు రాయలేదు. మనకు ఇద్దరు చాలు. సోమ, బుధవారాలకు యవనస్థులు ఒప్పుకున్నారు, శుక్రవారానికే మనిషి లేరు. ఆటో ఉదయం ఎనిమిదింటికి చర్చి దగ్గరకే వస్తుంది.